గృహ విజ్ఞానము: ఇంట పుట్టిన ఆవిరికి దారి యేది?

ఈ మాసము మన శీర్షికలో నొక ఉత్తరమును, దానికి నేను వ్రాసిన ప్రత్యుత్తరమును మీ ముందుంచుచున్నాను. ఉత్తరము వ్రాసినవారు అమెరికా దేశమున ఉత్తరపు సరిహద్దున నున్న మిన్నెసోటా రాష్ట్రములో కాపురముండు తెలుగు సోదరి. తన పేరు ప్రకటింపవలదని కోరినందున ప్రకటింపలేదు. ఉత్తరములోని ముఖ్యభాగమిది:

“అక్కగారికి నమస్కారములు. మావారు సెలవు దినములలో ఇంట బీరు కాచుట వేడుకగా పెట్టుకొనిరి. ఇచ్చటి మిత్రులు కొందరు నేర్పినారు. గ్యాసు పొయ్యి ఇంటిలోపల ప్రమాదమని, విద్యుత్తుతో కాగు పెద్ద కాగునొకదానిని కొని నేలమాళిగలో నుంచినారు. కాచిన దినమున ఆవిరి గదియంతయు నిండి గోడలవెంట కన్నీరువలె కారును. రెండు చలికాలములు గడచునప్పటికి ప్రక్కగది గోడపై నల్లని బూజు పట్టినది. ఆ గదిలోనే మా అత్తగారును, మూడేండ్ల బాబును పరుండెదరు. బాబుకు దగ్గు తగ్గుట లేదు. నేనేమన్నను మావారు ‘ఆవిరి యనగా నీరేగదా, నీటికి భయమేల?’ అందురు. తుదకు నా పోరు పడలేక పెద్ద ఫ్యానునొకదానిని తెచ్చి కిటికీలో బిగించిరి. అది తిరిగిన ముప్పావు గంటకే గోడనున్న విషవాయు ఘంట మ్రోగినది. పిల్లవాని నెత్తుకొని మంచులోనికి పరుగెత్తితిమి. అగ్నిమాపకదళమువారు వచ్చి, నీళ్లు కాగు గ్యాసు యంత్రపు పొగ ఇంటిలోనికి మరలి వచ్చినదని చెప్పిరి. అక్కా, ఫ్యాను గాలిని బయటకు పంపునుగదా, విషము లోనికెట్లు వచ్చినది? మావారి వేడుకను మాన్పుటయా, ఇల్లు మారుటయా, ఏమి చేయవలెను?”

ఈ యుత్తరము చదివి నేను వెంటనే ఆమెకు బదులు వ్రాసితిని. అయినను దానిని ఇచ్చట ప్రకటించుటకు కారణము కలదు. బీరు కాచు ఇండ్లు మనలో అరుదు. ఆవిరి పుట్టని ఇల్లు మాత్రము ఒక్కటియు లేదు. ఇడ్లీకుండ మొదలు స్నానపు నీళ్లవరకు మన చేతిమీదుగా దినదినము ఎన్నియో సేర్ల నీరు ఆవిరియగుచున్నది. అది యెటు పోవుచున్నదో విచారించినవారు కొలదిమంది.

మొదట ఒక మాట చెప్పవలెను. మన తెలుగు రాష్ట్రముల అబ్కారీ చట్టముల ననుసరించి, అనుమతి లేక ఇంట మద్యము తయారుచేయుట నేరము. అమెరికాలో సంగతి వేరు. అచ్చట 1978వ సంవత్సరమున అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసిన చట్టమువలన, అమ్మకమునకు గాక ఇంటివారి వాడుకకై బీరు చేసికొనుటకు పన్ను లేకుండ అనుమతి కలిగినది. పెద్దవారు ఒక్కరే యున్న ఇంట ఏటికి 100 గ్యాలనులును, ఇద్దరు అంతకు మించి యున్న ఇంట 200 గ్యాలనులును పరిమితి. రాష్ట్రముల చట్టములును అంగీకరింపవలెను గనుక అన్ని రాష్ట్రములలో అనుమతి లభించుటకు 2013 వరకు పట్టినది. కావున ఆ సోదరి భర్త చేయు పని అచ్చట చట్టవిరుద్ధము కాదు. త్రాగుట మంచిదా చెడ్డదా యను చర్చ ఈ యుత్తరమున లేదు; నన్నడిగినది ఆవిరిని గూర్చి. నేను చెప్పబోవునదియు దానిని గూర్చియే.

ఆ పని యెట్లు జరుగునో కొంచెము తెలిసినగాని ఆవిరి సంగతి తెలియదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను నలుగగొట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీటిలో ఒక గంట నానవేయుదురు. అందువలన గింజలోని పిండి తీపిగా మారి నీటిలో దిగును. ఆ తీపినీటిని వడగట్టి, హాప్స్ అను తీగపూలను వేసి ఒక గంటసేపు తెర్ల కాచుదురు. పిదప త్వరగా చల్లార్చి ఈస్టు కలిపి పులియబెట్టుదురు. మనము ఉలవలు ఉడికించి ఆ కట్టును మరగించుటకును దీనికిని కాచుపట్టున పెద్ద భేదము లేదు. భేదము పరిమాణమునందే. ఇంట కాచువారు సాధారణముగా 25 లీటర్ల కషాయముతో మొదలిడి, గంట మరగిన పిదప 21 లీటర్లతో నిలుపుదురు. తక్కిన 4 లీటర్లు ఏమాయెను? ఇంటిలోని గాలిలో కలిసినవి.

మూతపెట్టి కాచినచో ఆవిరి రాదుగదా యని మీరడుగవచ్చును. మనము పప్పునకు మూత పెట్టెదము గాని, ఆ కషాయమునకు పూర్తిగా మూత పెట్టరాదు. మొలకధాన్యమునందు గంధక సంబంధమైన పదార్థమొకటి కలదు. అది వేడికి డైమిథైల్ సల్ఫైడ్ అను వాయువుగా మారును. ఆ వాయువు ఆవిరితో కూడ వెడలిపోవలెను. మూత బిగించినచో అది తిరిగి కషాయములోనే పడి ఉడికిన మొక్కజొన్న వాసన నిచ్చును. కావున ఆవిరి పుట్టకుండ చేయుట అచ్చట సాధ్యము కాదు. పుట్టినదానికి దారి చూపుటయే మనకు మిగిలిన పని.

ఇక ఆ భర్తగారి ప్రశ్నకు వత్తము. “ఆవిరి నీరేగదా” యనుట నిజమే. ఎంత నీరో, ఎచ్చట చేరునో లెక్క చూచినచో భయమునకు కారణము తెలియును. ఒక లీటరు నీరు మరగి ఆవిరియైనప్పుడు సుమారు 1,670 లీటర్ల చోటు నాక్రమించును. నాలుగు లీటర్లు ఆరువేల ఏడువందల లీటర్ల ఆవిరియగును. పండ్రెండడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గల గదిని తీసికొందము. అందలి గాలి సుమారు 33 ఘనమీటర్లు. గాలి యెంత వేడిగా నున్న నంత తేమను మోయగలదు. 20 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి 17 గ్రాముల నీటిని మాత్రమే మోయగలదు. అనగా ఆ గది గాలి యంతయు కలిసి మోయగలిగినది సుమారు 560 గ్రాములు. అందులో సగము తేమ ముందే యుండుననుకొన్నచో, మిగిలిన చోటు 280 గ్రాములకే. గంటకు నాలుగు కిలోల చొప్పున వచ్చు ఆవిరి ఈ కొద్ది చోటును నాలుగైదు నిమిషములలో నింపివేయును. కాచుట యింకను ఏబదియైదు నిమిషములు మిగిలియుండును! ఆ తరువాత పుట్టిన ప్రతి చుక్కయు గోడనో, కిటికీ అద్దమునో, పరుపునో ఆశ్రయింపక తప్పదు.

ఎచ్చట చల్లగా నుండునో అచ్చటనే ఆవిరి నీరగును. చల్లని మజ్జిగ చెంబు వెలుపల చెమర్చుట మీరు చూచినదే. చెంబులోని మజ్జిగ బయటకు రాలేదు. గాలిలోని తేమ చల్లని లోహమును తాకి నీరైనది. సగము తేమగల 20 డిగ్రీల గాలి, 9 డిగ్రీలకు చల్లనైన దేనిని తాకినను చెమర్చును. మిన్నెసోటా చలికాలమున వెలిగోడ మూలలు, కిటికీ అద్దములు అంతకన్న చల్లగా నుండును. గాలి మరింత తడిసినచో ఇంకను వెచ్చని గోడలుకూడ చెమర్చును. నేలమాళిగ ఆవిరి తలుపుసందులగుండ ప్రక్కగదిలోనికి పోయి, అచ్చట వెలిగోడపై నీరగుటకు కారణమిదే. అమెరికా ఇండ్ల లోపలిగోడలకు జిప్సము పలకలు వేసి కాగితము తొడుగుదురు. తడిసిన కాగితము బూజునకు పంచభక్ష్య పరమాన్నము వంటిది.

బూజు కేవలము చూపునకు వికారముగా నుండుటే గాదు. దాని ధూళి ఉబ్బసము గలవారికి ఆయాసమును హెచ్చించును. పసివాండ్రకు, వృద్ధులకు ముక్కును గొంతును రేపును. బాబు దగ్గునకు కారణమిదియేయని ఇంటనుండి నేను నిర్ణయింపజాలను. వైద్యునికి చూపి, గదిలో బూజు సంగతి తప్పక చెప్పుడని వ్రాసితిని. ముసలివారిని పిల్లవానిని ఆ రాత్రియే వేరుగదికి మార్పుడని వ్రాసితిని. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థవారు చెప్పునదేమనగా: తడిసిన వస్తువులను 24 మొదలు 48 గంటలలోపల ఆరబెట్టినచో చాలవరకు బూజు పట్టదు, ఇంటి గాలిలో తేమ నూటికి 60 పాళ్లకు మించరాదు, 30 నుండి 50 పాళ్లున్నచో మేలు, బూజు పది చదరపుటడుగులకు మించనిచో సబ్బునీటితో కడిగి బాగుగా ఆరబెట్టి ఇంటివారే పోగొట్టుకొనవచ్చును. లోపలివరకు నానిన జిప్సము పలకను మాత్రము కోసి తీసివేయవలెను. తేమ రాకను ఆపక గోడకు రంగు పూసినచో, పుండును కడుగక కట్టు కట్టినట్లగును. తేమను కొలుచు చిన్న యంత్రములు స్వల్పమైన వెలకే దొరకును. ఒకటి గోడకు తగిలించుకొన్నచో భార్యాభర్తల వాదములో అది మధ్యవర్తిగా నుండును.

ఇప్పుడు విషవాయువు సంగతి. ఆ సోదరి ప్రశ్న చాల తెలివైనది. ఫ్యాను గాలిని బయటకు పంపునుగదా, విషము లోనికెట్లు వచ్చినది? ఇంటిని ఒక సీసా యనుకొనుడు. సీసాలోని గాలిని నోటితో పీల్చినచో ఎచ్చటనో యొకచోటనుండి గాలి లోనికి రావలెను. చలిదేశపు ఇండ్లలో వేడి పోకుండ తలుపులు, కిటికీలు సందు లేకుండ బిగింతురు. పెద్ద ఫ్యాను నిమిషమునకు వందలకొలది ఘనపుటడుగుల గాలిని వెలికి త్రోయునపుడు, ఇంట గాలి పలుచనై, ఏ దారి తెరచియున్న ఆ దారినుండి వెలుపలి గాలిని లాగును. ఆ యింట తెరచియున్న దారి నీళ్లు కాగు గ్యాసు యంత్రపు పొగగొట్టమే. పైకి పోవలసిన పొగ క్రిందికి దిగినది. దానితో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు ఇంట జొచ్చినది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, మత్తు కలిగించి, నిద్రలోనే ప్రాణము తీయును. గోడనున్న ఆ చిన్న ఘంట లేకున్నచో ఆ రాత్రి యేమి జరిగియుండెడిదో తలచుకొనుటకే భయమగుచున్నది. ఘంట మ్రోగగానే కారణమును వెదుకుచు లోపల నిలువక పిల్లవానితో వెలుపలికి పోవుట ఆమె చేసిన మంచిపని. ఎవరైనను చేయవలసినది అదియే.

ఇందునుండి మొదటి సూత్రము: గాలి బయటకు పోవు దారి యెంత ముఖ్యమో, లోనికి వచ్చు దారియు నంత ముఖ్యము. అమెరికాలో పలు రాష్ట్రము లనుసరించు గృహనిర్మాణ నిబంధనలలో, పొగగొట్టముగల గ్యాసు యంత్రము లున్న ఇంట నిమిషమునకు 400 ఘనపుటడుగులకు మించి గాలిని లాగు వంటయింటి ఫ్యాను పెట్టినచో, అంత గాలియు లోనికి వచ్చుటకు వేరుదారి యేర్పరుపవలెనని యున్నది. చిన్న ఫ్యానుకైనను ఎదురుదిక్కున కిటికీ నొకదానిని తెరచియుంచుట మేలు. చలిగాలి వచ్చునని జంకనక్కరలేదు. ఆ చలిగాలి చాల పొడిది. లోపల వెచ్చబడినప్పుడు అది ఆవిరిని మరింత మోయగలదు. అది మనకు సాయమే.

రెండవ సూత్రము: ఆవిరిని గదియంతయు వ్యాపింపనిచ్చి తరువాత తరుముటకంటె, పుట్టినచోటనే పట్టుట సులభము. కిటికీలో ఫ్యాను గదిలోని మంచి గాలిని గూడ లాగును. ఆవిరి యందులో కొంతయే. కాగుపైన గొడుగువలె రేకుకప్పు నొకదానిని వ్రేలాడదీసి, దానినుండి గొట్టము వేసినచో వేడి ఆవిరి తనంతట తానే పైకిపోయి గొడుగులో చేరును. గొడుగు కాగుకంటె ప్రతివైపునను నాలుగైదు అంగుళములు వెడల్పుగా నుండవలెను. గరిటె త్రిప్పుటకు చేయి యాడునంత ఎత్తు చాలును. మరింత పైకి పోయిన కొలది ఆవిరి ప్రక్కలకు చెదరును. గొడుగు లోపల నీరగు చుక్కలు తిరిగి కషాయములో పడకుండ దాని అంచుచుట్టును సన్నని కాలువ యుండవలెను.

గొట్టము నున్నని రేకుతో చేసినదై, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా నుండవలెను. ముడుతలుపడు గొట్టములో గాలి మందగించును, నీరు నిలుచును. అడ్డముగా పోవు భాగము వెలిగోడవైపు కొంచెము వాలుగా నున్నచో లోపల నీరైనది బయటికి కారును. చలిదేశమున గొట్టముచుట్టు వెచ్చదనము నిలుపు తొడుగు చుట్టవలెను. గొట్టపు తుద వెలుపలనే తెరచుకొనవలెను. అటకలో వదలినచో బూజును ఒక అంతస్తు పైకి మార్చినట్లే యగును. బట్టలారబెట్టు యంత్రపు గొట్టముతో దీనిని కలుపరాదు. ఫ్యాను తడిగాలిని ఓర్చుకొనునట్లు చేసినదిగా నుండవలెను.

ఎంత ఫ్యాను కావలెను? గంటకు 4 కిలోల ఆవిరి. ఒక్కొక్క ఘనమీటరు గాలి ఇంకను మోయగలిగినది సుమారు 8.6 గ్రాములు. భాగించినచో గంటకు సుమారు 460 ఘనమీటర్లు, అనగా నిమిషమునకు 270 ఘనపుటడుగులు వచ్చును. గొట్టపు వంపులవలన కొంత బలము తగ్గును గనుక పెట్టెమీద వ్రాసిన సంఖ్య దీనికంటె కొంత పెద్దదిగా నుండవలెను. ఇంతకు మించి భూతమువంటి ఫ్యాను తెచ్చినచో లాభము తక్కువ, ఇల్లు గాలిని వెనుకకు లాగు ప్రమాదము ఎక్కువ.

మూడవ సూత్రము చవుకైనది: మంట తగ్గించుట. ఇట్టి కాగులలో 5,500 వాట్ల విద్యుత్ తీగె యుండుట కలదు. మరగ మొదలిడిన తరువాతను అంతబలముతో నుంచినచో గంటకు తొమ్మిది కిలోలకు చేరువగా ఆవిరి పుట్టును. నాలుగు కిలోలకు సుమారు రెండున్నర వేల వాట్లును, ప్రక్కలనుండి పోవు వేడికి మరికొంతయు చాలును. కుతకుత ఉడుకుటకును, ఎగిరిపడి పొంగుటకును భేదము మనకు తెలియనిది కాదు. మెల్లగా తెర్లుచున్న కషాయమునుండియు దుర్గంధవాయువు పోవును. సగము మూత పెట్టి సగము తెరచుటయు కొంత మేలు.

గోడకు రంధ్రము చేయు వీలు లేని అద్దె యింట వేరొక యుపాయము కలదు. కాగు మూతకు ప్రక్కగొట్టము నమర్చి, అందులో చన్నీటిని సన్నని తుంపురులుగా చల్లుదురు. ఆవిరి ఆ తుంపురులను తాకి అచ్చటనే నీరై, దుర్గంధవాయువుతో కూడ క్రింది గొట్టముగుండ కాలువలోనికి పోవును. మూత యున్నను ఆ నీరు తిరిగి కాగులో పడదు గనుక రుచి చెడదు. మూత వేడిని నిలుపును గనుక తక్కువ విద్యుత్తు చాలును. చన్నీరు మాత్రము ఖర్చగును. ఒక పాలు ఆవిరిని పట్టుటకు సుమారు తొమ్మిది పాళ్ల చన్నీరు కావలెను.

విద్యుత్తును గూర్చి ఒక హెచ్చరిక. నీరును విద్యుత్తును పొరుగుననుండుట మంచిది కాదు. అంతటి కాగు ఆ దేశపు 240 వోల్టుల విద్యుత్తులో 23 ఆంపియర్లు లాగును. దానికి ప్రత్యేకమైన తీగెయు, విద్యుత్తు దారి తప్పినచో క్షణములో నిలిపివేయు రక్షణ పరికరమును, పని తెలిసినవానిచేత వేయింపవలెను. ఆవిరి తగులుచోట మీటలు, ప్లగ్గులు పెట్టరాదు. తీగె నీటిలో పూర్తిగా మునుగక ముందు మీట వేయరాదు.

సోదరీమణులారా, ఇదియంతయు ఎచ్చటిదో చలిదేశపు సంగతియని ప్రక్కకు త్రోయకుడు. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లను తలచుకొనుడు. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, వంటయింట పైన పెంకుల సందులు, గోడ పైభాగమున గవాక్షములు. కుండ ఆవిరి పైకిలేచి తనదారిని తాను పోయెడిది. నేడు మనము పట్టణములలో కాంక్రీటు కప్పుక్రింద, చలువయంత్రముకొరకు కిటికీలు మూసి కాపురము చేయుచున్నాము. ఇడ్లీపాత్ర, అన్నము, స్నానపు నీళ్లు, వానకాలమున లోపల ఆరవేసిన బట్టలు అన్నియు ఆ గాలిలోనికే తమ నీటిని వదలుచున్నవి. అలమరలోని పట్టుచీరెకు మచ్చలు పడుట, పప్పులు మెత్తబడుట, కప్పు మూలల నల్లబడుట దీని ఫలమే.

వంటయింటి చిమ్నీలని అమ్మువానిలో రెండు తెగలు కలవు. గొట్టముద్వారా గాలిని ఇంటి వెలుపలికి పంపునది యొకటి. గొట్టము లేక, గాలిని జల్లెడగుండ, బొగ్గుపొడిగుండ నడిపి తిరిగి వంటయింటిలోనికే వదలునది మరియొకటి. ఈ రెండవది జిడ్డును, కొంత వాసనను పట్టును గాని ఆవిరిని పట్టదు. కొనునపుడు “గాలి యెటు పోవును?” అని యొక్క ప్రశ్న వేయుడు. గొట్టము గలదైనను, తుద మెట్లదారిలోనో, అటకలోనో తెరచుకొనుచున్నదేమో చూడుడు.

మన సముద్రతీరమున వేరొక చిక్కు కలదు. వానకాలమున 30 డిగ్రీల వేడిలో, నూటికి 80 పాళ్ల తేమతో నున్న గాలి ఇంతకుముందే ఘనమీటరుకు 24 గ్రాముల నీటిని మోయుచుండును; ఇంకను ఆరు గ్రాములకే చోటు. అట్టి దినములలో కిటికీలు తెరచినంత మాత్రమున ఆవిరి తీరదు. పొయ్యిదగ్గరనే పట్టి పంపవలెను. మూతలు వాడుట, పప్పుబియ్యములు ముందుగా నానవేయుట, కుక్కరులో వండుట పుట్టు ఆవిరినే తగ్గించును.

మీ యింట గాలి సరిగా పోవుచున్నదో లేదో తెలిసికొనుటకు యంత్రము లక్కరలేదు. ఫ్యాను వేసి, పొయ్యికి ప్రక్కగా నొక అగరువత్తి వెలిగించి పట్టుకొనుడు. పొగ తిన్నగా ఫ్యానువైపు పోయిన మంచిదే. గదిలో సుడి తిరిగినచో లోనికి వచ్చు దారి లేదన్నమాట. ఎదుటి కిటికీని తెరచి మరల చూడుడు. స్నానగదిలో గ్యాసుతో నీళ్లు కాచు యంత్రము గలవారు మరింత జాగ్రత్తపడవలెను. అట్టి యంత్రమును స్నానగది లోపల పెట్టుట ప్రాణాంతకము. వెలుపల, గాలి యాడు చోటనే యుండవలెను.

ఆ సోదరినుండి మొన్న రెండవ యుత్తరము వచ్చినది. భర్తగారు నా లెక్కను చదివి, తామే కాగితముపై మరల కట్టి చూచి, “నాలుగైదు నిమిషములలోనే నిండునా!” యని ఆశ్చర్యపడిరట. వాదమునకు లొంగనివారు అంకెలకు లొంగిరి. బూజు పట్టిన పలకను కోయించి క్రొత్తది వేయించిరి. కాగుపై రేకుగొడుగు, వాలుగా గొట్టము, తగినంత ఫ్యాను పెట్టించిరి. కాచు దినమున ఎదుటి కిటికీ తెరచుట ఇప్పుడు నియమమైనది. నీళ్లు కాగు యంత్రపు పొగగొట్టముదగ్గర అత్తగారు అగరువత్తి పట్టుకొని నిలువగా, ఫ్యాను వేసి పరీక్షించిరి. పొగ గొట్టములోనికే పోయినది. పరుండు గదులన్నింటిదగ్గరను విషవాయు ఘంటలు పెట్టించిరి. బాబును వైద్యునికి చూపిరి, మందు నడచుచున్నది. వాడు, నాయనమ్మయు మేడమీది గదిలో నిద్రించుచున్నారు.

ఉత్తరము తుదను ఆమె యిట్లు వ్రాసినది: “మా అత్తగారు గొడుగులోనికి పోవు ఆవిరిని చూచి, ‘మా పుట్టింటి మండువాను ఈ రేకుగొట్టములో పెట్టినారే’ అని నవ్వినారు. మావారి వేడుకయు నిలిచినది, నా యిల్లును నిలిచినది.”

మీ యిండ్లలో ఆవిరి, పొగ, తేమలవలన కలిగిన చిక్కులను, మీరు కనుగొన్న ఉపాయములను మాకు వ్రాయుడు. గది కొలతలు, కిటికీలెన్ని, ఏ దిక్కున నున్నవి యను వివరములు తప్పక తెలుపుడు. ఈ శీర్షికలో వానిని విచారింతము.